ఆరోగ్యవిషయములు: రొమ్ము శస్త్రచికిత్స పిదప

కేన్సరువలన రొమ్మును తీయించుకొని, ఆ శస్త్రచికిత్సయందే సిలికోను తిత్తి నమర్చించుకొనిన సోదరి యిల్లు చేరగానే, ‘క్రొత్తది పెట్టిరిగదా, విచారమేల?’ అని యింటివారనుట మే మెఱుగుదుము. పోయినదానికై దుఃఖము సహజము. దేహమునకును విశ్రాంతి యావశ్యకము.

గాయపుద్రవమును వెలికిదీయు గొట్టములు సాధారణముగా 1 మొదలు 3 వారము లుండును. ప్రతిదినము ద్రవమును కొలిచి వ్రాసికొనవలెను. దినమునకు సుమారు 30 మిల్లీలీటర్లకు తగ్గినపిదప వైద్యులు వానిని తీయుదురు.

స్పర్శ తగ్గియుండును గనుక వేడికాపడము కూడదు. తెలియకయే చర్మము కాలును. చేతిని వైద్యులు చెప్పినట్లు మెల్లగా కదల్పకున్న భుజము బిగియును. జ్వరము, ఎఱ్ఱదనము, వాపు హెచ్చినచో తెల్లవారువఱకు వేచియుండరాదు. ఆలస్యమైన తిత్తినే తీయవలసిరావచ్చును.

4 మొదలు 6 వారములవఱకు బరువు లెత్తరాదు. ఇంటివారికి మా మనవి: అంతవఱకు నీళ్లబిందెను మఱొకరు మోయవలెను.