పెళ్ళి సామాన్ల పట్టీలో జ్యూసరు

కల్లూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. రమజాను పండుగ తరువాత ఆమె కుమార్తె నికాహ్. అబ్బాయి తరఫువారు ఏమీ అడగలేదట. అయినా పిల్లను ఒట్టి చేతులతో పంపితే నలుగురూ ఏమనుకుంటారోనని బంధువులంతా కూర్చుని ఒక పట్టీ తయారుచేశారు. మంచం, బీరువా, కుక్కరు, మిక్సీ ఇత్యాదుల మధ్య ఏడో వరుసలో జ్యూసరు ఉంది. ఇది కొనవలసిందేనా, కొంటే ఎటువంటిది కొనాలి, దానిని ఎలా వాడాలి అని ఆమె ప్రశ్న. జహేజ్ గురించి ఈ శీర్షికలో మేము పలుమార్లు రాశాము కనుక ఆ చర్చ మళ్ళీ ఎత్తుకోము. ఈ నెల ఆ ఏడో వరుసకే పరిమితమవుదాం.

ఆ వరుసను తేలికగా దాటవేయకపోవడానికి కారణం ఉంది. కల్లూరులోనూ, కర్నూలు పాతబస్తీలోనూ మేము వెళ్ళివచ్చే ఇళ్ళలో అటకల మీద అట్టపెట్టెల్లోనే పడి ఉన్న జ్యూసర్లను ఎన్నింటినో చూశాము. కొన్నింటికి పెళ్ళినాటి రంగు కాగితం కూడా ఊడలేదు. వాటిలో కొన్ని అప్పు చేసి కొన్నవి. పెట్టె విప్పకముందే తండ్రి వాయిదాలు కట్టడం మొదలుపెట్టాడు. యంత్రంలో లోపం ఉండి అవి అటక ఎక్కలేదు. అది ఏ పనికి పుట్టిందో తెలియకుండా కొన్నందువల్ల ఎక్కాయి.

పెట్టె మీద 'సెంట్రిఫ్యూగల్' అని ఉంటుంది. అపకేంద్ర బలంతో పనిచేసేదని అర్థం. పేరు పెద్దదే గానీ సంగతి మనకు కొత్త కాదు. జొన్నచేలో పిట్టలను తోలడానికి వడిసెల తిప్పుతున్నప్పుడు అందులోని రాయి బయటికి లాగుతుంది. వాషింగ్ మెషీనులో బట్టలు పిండే తొట్టి గిర్రున తిరిగితే నీళ్ళు రంధ్రాలగుండా బయటపడతాయి. ఇక్కడ జరిగేదీ అదే. పై గొట్టంలో వేసిన ముక్కను అడుగున తిరిగే పళ్ళబిళ్ళ కొబ్బరికోరులాగా తురుముతుంది. ఆ తురుము చుట్టూ ఉన్న ఉక్కు జల్లెడ గోడకు వెళ్ళి కొట్టుకుంటుంది. రసం జల్లెడ దాటి గ్లాసులోకి దిగుతుంది, పిప్పి గోడ ఎగబాకి వెనుక డబ్బాలో పడుతుంది. జల్లెడ పది సెంటీమీటర్ల వెడల్పు ఉండి నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. మూత బిగించే కొక్కేల గురించి తరువాత చెప్పబోయేటప్పుడు ఈ అంకెను గుర్తుంచుకోండి.

తురమడానికి గట్టిగా ఉండి, లోపల రసం పలుచగా ఉన్నదే ఈ యంత్రానికి తగిన ఆహారం. క్యారెట్, బీట్‌రూట్, యాపిల్, అనాస, అల్లం, గింజ తీసిన ఉసిరిక ఆ కోవలోనివి. అరటి, మామిడి, బొప్పాయి, సపోటాలలో ఉన్నది గుజ్జు. అది జల్లెడకు సున్నం పూసినట్టు అంటుకుపోతుంది, చుక్క రాలదు. పుదీనా, పాలకూర వంటి ఆకులు సరిగా నలగకుండానే పిప్పి డబ్బాలోకి ఎగిరిపోతాయి. చెరకు జోలికి అసలు పోకూడదు.

ఇక మన రాయలసీమ ఇళ్ళలో వేసవిలో నిజంగా ఏ రసం తాగుతామో ఆలోచించండి. అనంతపురం, కడప తోటల నుంచి వచ్చే చీనీకాయలు, దానిమ్మలు, కళింగర, కర్బూజా, ద్రాక్ష. వీటిలో దేనికీ ఈ యంత్రం తప్పనిసరి కాదు. చీనీకాయను అడ్డంగా కోసి చేతితో తిప్పి పిండే చిన్న సాధనం చాలు, దానికి కరెంటు కూడా అక్కరలేదు. పైగా చీనీకాయలో తొక్క కింది తెల్లని పొర చేదు. జ్యూసరులో ముక్కలు వేసేవారు ఆ పొరను శ్రద్ధగా తీయకపోతే రసం కషాయమవుతుంది. తీసినా ఎక్కువసేపు నిలవ ఉంచితే చేదెక్కడం ఆ జాతి పండ్ల స్వభావం. కళింగరలో నూటికి తొంభై వంతులకు పైగా నీరే. గింజలు తీసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వడగడితే సరి. దానిమ్మ గింజలనూ మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఎక్కువసేపు తిప్పితే లోపలి విత్తు నలిగి వగరొస్తుంది.

కొన్నేళ్ళ క్రితం రమజానులో ఒక దాత మా మదర్సాకు ఇంట్లో వాడే జ్యూసరు ఒకటి బహూకరించారు. అరవైమంది పిల్లలకు ఇఫ్తారు వేళకు రసం అందాలని ఆయన కోరిక. మా వంటమనిషి దానిని ఒకసారి ఎగాదిగా చూసి, "హజ్రత్, ఇది నలుగురి ఇంటిది" అని చెప్పి కళింగర కోయడానికి కూర్చున్నాడు. అతని మాట అక్షరాలా నిజం. ఇంటి జ్యూసరు మోటారును ఒకటి రెండు నిమిషాలు నడిపి, కొంత విరామమిచ్చి మళ్ళీ నడపాలి. ఎంతసేపన్నది దానితో వచ్చే చిన్న పుస్తకంలో ఉంటుంది. దాత అనుమతితో ఆ యంత్రాన్ని మంచాన ఉన్న ఒక వృద్ధుని ఇంటికి పంపాము. పళ్ళులేని ఆ పెద్దాయనకు క్యారెట్, యాపిల్ రసం తీసి ఇవ్వడానికి అది ఇప్పటికీ రోజూ తిరుగుతోంది.

అంటే వారానికి మూడు నాలుగుసార్లయినా గట్టి కాయల రసం కావలసిన ఇల్లు, నమలలేనివారున్న ఇల్లు, తీసిన వెంటనే కడగడానికి ఓపిక ఉన్న ఇల్లు ఈ యంత్రాన్ని కొనవచ్చు. తక్కినవారికి మిక్సీ, వడపోత గుడ్డ చాలునని మా అభిప్రాయం.

ఆరోగ్యం కోసమే కొంటున్నామనే వారికి ఒక మాట చెప్పాలి. రసం తీయడమంటే పండులోని పీచును డబ్బాలోనూ, చక్కెరను గ్లాసులోనూ పోయడం. ఒక చీనీకాయ తింటే చాలనిపిస్తుంది. గ్లాసు నిండాలంటే మూడు నాలుగు కావాలి, తాగడానికి నిమిషం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలలో పండ్లరసంలోని చక్కెరను కూడా తేనె, పంచదారలతో పాటే లెక్కించి, రోజు మొత్తం శక్తిలో అది పదో వంతు లోపే ఉండాలని చెప్పింది. 2,000 కేలరీలు తీసుకునే మనిషికి అది 50 గ్రాములు. పెద్ద గ్లాసు యాపిల్ రసంలోనే ఇరవై గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రసానికి బదులు పండునే తినమని చెబుతోంది. కాబట్టి మధుమేహమున్న తండ్రికి 'పంచదార వేయలేదు, పండ్లరసమే' అని గ్లాసు నింపి ఇవ్వకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా ఏ రసమూ తాగరాదు. పండ్లలోని పొటాషియం వారికి ప్రమాదకరం కావచ్చు. ఏడాది నిండని పసివారికి రసం అవసరమే లేదు. బీట్‌రూట్ రసం తాగిన మరునాడు కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. అది చూసి రక్తమని భయపడి పరుగెత్తుకొచ్చినవారు మాకు తెలుసు. ముందురోజు బీట్‌రూట్ తాగారేమో గుర్తుచేసుకుంటే సగం భయం తీరుతుంది. తాగకుండానే ఎర్రబడినా, రెండు మూడు రోజులకు పోకపోయినా వైద్యుని దగ్గరికి వెళ్ళాలి.

ఇంత విన్న తరువాత కూడా కొనదలచినవారు ముందు తమ మిక్సీ పెట్టెను వెతకాలి. అదే కంపెనీవారి జ్యూసరు భాగం విడిగా దొరికితే మోటారుకు రెండోసారి డబ్బు పోయనక్కరలేదు. అయితే అటువంటి వాటిలో చాలావరకు పిప్పి జల్లెడలోనే నిలిచిపోతుంది, మధ్యమధ్య ఆపి ఖాళీ చేయాలి. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అది ఇబ్బంది కాదు. విడి యంత్రమైతే పిప్పి బయటి డబ్బాలో పడేది తీసుకోండి. నాలుగు గ్లాసుల రసానికి 500 వాట్లు చాలు. వాట్లు పెరిగినంత మాత్రాన రసం పెరగదు. రసాన్ని నిర్ణయించేది జల్లెడ. దుకాణంలో మూత విప్పించి దానిని చేతిలోకి తీసుకుని చూడండి. ఉక్కు పలుచగా వంగుతున్నదా, ప్లాస్టిక్ అంచుకు గట్టిగా అతికి ఉన్నదా, పళ్ళబిళ్ళ కదులుతున్నదా అని పరీక్షించాలి. ఖాళీగా నడిపించి పక్కన నీళ్ళ గ్లాసు పెట్టించండి. నీళ్ళు విపరీతంగా వణికితే జల్లెడ సమంగా తిరగడం లేదని అర్థం. కొక్కేలు బిగించనిదే మోటారు తిరగకూడదు. తిరిగితే ఆ యంత్రం ఎంత చవకైనా వద్దు. గొట్టం వెడల్పుగా ఉంటే యాపిల్ కోయనక్కరలేదని అమ్మేవారు చెబుతారు. పసిపిల్లల చెయ్యి కూడా అందులో పడుతుందని మీరు గుర్తుంచుకోవాలి. మూడు కాళ్ళ ప్లగ్గు, ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. విడి జల్లెడ కర్నూలులో దొరుకుతుందో లేదో కొనకముందే అడగండి. నెమ్మదిగా నలిపి పిండే 'కోల్డ్ ప్రెస్' యంత్రాలు నిమిషానికి నలభై నుంచి ఎనభై చుట్లే తిరుగుతాయి, నురగ తక్కువ, ఆకుల రసం కూడా తీస్తాయి. వాటి ధర మాత్రం రెండు మూడింతలు. పెళ్ళి పట్టీలోకి అది ఎక్కకుండా చూసుకోండి.

డబ్బు సంగతి. రొక్కం ఉంటేనే కొనాలి. దుకాణదారుడు ఒకే ధర నిర్ణయించి నాలుగు నెలల్లో ఇవ్వమనడం వేరు, ఆలస్యమైన కొద్దీ వడ్డీ పెరిగే కార్డు ఒప్పందం వేరు. 'వడ్డీ లేని వాయిదా' అని బోర్డు ఉన్నా, సంతకానికి ముందు కాగితం చదివించుకుని, రుసుము పేరుతో ఏం కలుపుతున్నారో, ఒక వాయిదా తప్పితే ఏం పడుతుందో తెలుసుకోండి. రసం తీసే యంత్రం కోసం వడ్డీ ఊబిలో దిగవలసిన అవసరం ఏ ఇంటికీ లేదు.

వాడేటప్పుడు కాయలను కడిగి, యాపిల్ గింజలు, మామిడి టెంక వంటివి ఏవీ లోపలికి పోకుండా చూడాలి. మోటారు వేగం అందుకున్న తరువాతనే ముక్క వేయాలి. మెత్తనివి ముందు, గట్టివి వెనుక వేస్తే వెనుకవి ముందటి వాటిని నెట్టుకుపోతాయి. దానితో వచ్చిన తోపుడు కర్రతో తప్ప వేలితోగానీ, గరిటెతోగానీ నొక్కరాదు. ఇఫ్తారుకు పది నిమిషాలుందనగా కంగారుపడి గట్టిగా నొక్కడమే మన ఇళ్ళలో తరచు జరిగేది. అప్పుడు ముక్క సరిగా తురమబడక రసం పిప్పిలోకి పోతుంది. పిప్పిని గుప్పిట పిండి చూడండి. రసం కారితే నెమ్మదించాలి, ఆ పిప్పిని మరోసారి వేసుకోవచ్చు. మా ఇంట కిలో క్యారెట్‌కు అర లీటరుకు అటూ ఇటూగా వస్తుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయి మోటారు మూలిగితే ఆపివేయాలి. స్విచ్చి ఆపాక చక్రం పూర్తిగా నిలిచేదాకా కొక్కేలు తీయరాదు. గంటకు 190 కిలోమీటర్లని చెప్పింది ఇందుకే. గాలి కలిసి నురగ కట్టిన ఈ రసం త్వరగా రంగు మారుతుంది, తీసిన వెంటనే తాగాలి. మధ్యాహ్నమే తీసి ఫ్రిజ్‌లో దాచేటట్లయితే యంత్రమెందుకు?

మూత తీయకముందే ఒక గ్లాసు నీళ్ళు పోసి తిప్పితే సగం కడిగినట్టే. తరువాత ప్లగ్గు పీకి, జల్లెడను కుళాయి కింద పట్టి బయటి వైపు నుంచి బ్రష్షుతో రుద్దాలి. నమాజు చేసుకుని వచ్చాక చూద్దామంటే పీచు ఎండి రంధ్రాలు పూడుకుపోతాయి, అందుచేత కనీసం నీళ్ళలో నానవేసి వెళ్ళండి. మన బోరు నీళ్ళలోని సున్నం కూడా జల్లెడకు పేరుకుంటుంది. నెలకొకసారి నిమ్మరసం కలిపిన నీళ్ళలో ఒక పూట ఉంచితే వదులుతుంది. క్యారెట్ రంగు పట్టిన ప్లాస్టిక్‌ను కొద్దిగా వంటనూనెతో తుడిచి సబ్బుతో కడగాలి. మోటారు భాగాన్ని తడిగుడ్డతో తుడవడమే.

ఇక పిప్పి. దానిని పారవేస్తే పండులో సగం పారవేసినట్టు. క్యారెట్ పిప్పిని నేతిలో వేయించి పాలు, కొద్దిగా బెల్లం వేస్తే హల్వా అవుతుంది. రసం పోయింది కనుక పాలు కాస్త ఎక్కువ పట్టాలి. బీట్‌రూట్ పిప్పి జొన్నరొట్టె పిండిలో కలిసిపోతుంది, పిల్లలు ఆ ఎర్రరొట్టెను అడిగి తింటారు. యాపిల్ పిప్పిని దాల్చినచెక్కతో ఉడికించి రొట్టెకు రాసుకోవచ్చు. అల్లం పిప్పి ఆ సాయంత్రం టీలోకే. ఏదీ కుదరని రోజున పక్కింటి మేకకు వేయండి, పులిసిపోకముందే వేయాలి.