మీ తాతగారి తాత ఏ రికార్డులో ఉన్నారు? పేరు కన్నా ముందు సర్వే నంబరు వెతకండి

ఫోన్‌లో మీభూమి తెరిచి ఊరు, సర్వే నంబరు కొడితే అడంగల్ వస్తుంది. తెలంగాణలో భూభారతి తెరిస్తే పట్టాదారు ఎవరో కనిపిస్తుంది. అక్కడ ఉన్నది మీ నాన్నగారి పేరో, తాతగారి పేరో అయి ఉంటుంది. మరి 1870 ప్రాంతంలో అదే చేనుకు శిస్తు కట్టిన ఆయన తాతగారి పేరు ఏ పోర్టల్‌లో దొరుకుతుంది?

సూటిగా చెప్పాలంటే, ఏ పోర్టల్‌లోనూ నేరుగా దొరకదు. కానీ చాలా ఊళ్లలో ఆ పేరు కాగితం మీద ఉంది. దాన్ని చేరుకునే దారి మీ పొలం సర్వే నంబరే. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు భూములకు కొత్త నంబర్లు వస్తున్నాయి కాబట్టి, పాత నంబరు చేతిలో ఉండగానే ఈ పని చేసుకోవడం మంచిది.

జనగణనలో పేర్లు ఉండవా?

చాలామందికి మొదట వచ్చే ఆలోచన ఇదే. ఇంగ్లండ్‌లో 1841 నుంచి జనగణన పత్రాలు పేర్లతో సహా భద్రంగా ఉన్నాయి. అక్కడివాళ్లు వాటితోనే వంశవృక్షాలు గీసుకుంటారు. మన దగ్గర 1871లో, 1881లో లెక్కలు జరిగినా అంకెలను పుస్తకాల్లో అచ్చు వేశారే తప్ప ఇంటింటి పత్రాలను దాచలేదు. ఆ తర్వాతి జనగణనల వివరాలకు వస్తే, 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఒక వ్యక్తి గురించి నమోదు చేసినదాన్ని బయటివాళ్లు చూడటానికి వీల్లేదు.

కాబట్టి 19వ శతాబ్దపు రైతు ప్రభుత్వ కాగితాల్లో మనిషిగా కనిపించడు, శిస్తు కట్టేవాడిగా కనిపిస్తాడు. ప్రభుత్వానికి కావలసింది ఏ చేను, ఎన్ని ఎకరాలు, మెట్టా మాగాణా, శిస్తు ఎంత, అది ఎవరు కడతారు అన్నదే. పేరు ఆ వరసలో చివర వస్తుంది. అందుకే వెతుకులాట భూమితో మొదలుపెట్టాలి.

మీ ఊరు అప్పట్లో ఎవరి కింద ఉండేది?

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. దీన్నిబట్టే ఏ రికార్డు ఉంటుందో, ఏది ఉండదో తెలుస్తుంది.

రైత్వారీ గ్రామాలు: సర్కారు నేరుగా రైతు దగ్గర శిస్తు వసూలు చేసిన ఊళ్లు. రాయలసీమలోనూ, కోస్తాలో చాలాచోట్లా ఇదే పద్ధతి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నుంచి క్రమబద్ధంగా సర్వే, సెటిల్‌మెంట్ మొదలయ్యాయి. అప్పుడు తయారైన సెటిల్‌మెంట్ రిజిస్టర్, తర్వాత దాన్ని సవరించి రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ మీకు ముఖ్యం. రెవెన్యూ ఆఫీసుల్లో రెండోదాన్ని ఆర్ఎస్ఆర్ అంటారు. ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో ఉన్నదాన్ని డైగ్లాట్ అని కూడా పిలుస్తారు. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తుతో పాటు పట్టాదారు పేరు ఉంటుంది.

జమీందారీ గ్రామాలు: ఉత్తర సర్కార్లలో 1802 నుంచి శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వంటి సంస్థానాల కింద ఉన్న ఊళ్లలో రైతుల లెక్కలు జమీందారు కచేరీలో ఉండేవి. సర్కారుకు తెలిసింది జమీందారు పేరే. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ఈ ఊళ్లలో సర్వే చేసి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ రాశారు. ప్రభుత్వ రికార్డులో మీ వెతుకులాట చాలావరకు అక్కడే ఆగుతుంది. అయితే ఆనాటి పట్టాదారు వయసులో పెద్దవాడైతే, ఆయన తండ్రి పేరు మిమ్మల్ని 19వ శతాబ్దం చివరిదాకా తీసుకెళ్తుంది.

నిజాం రాజ్యం: తెలంగాణ ఊళ్లలో సర్వే తర్వాత రాసిన మూల రికార్డు సేత్వార్. అది ఎక్కువగా ఉర్దూలో ఉంటుంది. దాని తర్వాత ప్రధానమైనది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అందులో పట్టాదారు పేరుతో పాటు సాగులో ఉన్నవారి పేరు కూడా రాశారు. జాగీరు గ్రామాల లెక్కలు 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా జాగీర్దార్ల చేతిలో ఉండేవి.

ఇనాం భూములు: మీ పూర్వీకులది మాన్యం అయితే మీకు అదృష్టం కలిసొచ్చినట్టే. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ ఏర్పడి ఒక్కో మాన్యాన్నీ విచారించింది. అలా తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో మాన్యం ఇచ్చింది ఎవరు, మొదట పొందింది ఎవరు, విచారణ నాటికి అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసు ఎంత, మొదటివాడికి ఏమవుతాడు అన్నవి ఉంటాయి. 1860లలో రాసిన ఒక్క పేజీలో రెండు మూడు తరాలు దొరికే రికార్డు ఇంకోటి లేదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లో. బీరువా అడుగున ఉన్న శిస్తు రసీదులు, పంపకాల కాగితాలు, పాత దస్తావేజులు అన్నీ బయటికి తీయండి. పెద్దవాళ్లను అడిగి తాతల పేర్లతో పాటు చేల పేర్లు కూడా రాసుకోండి. పాత రిజిస్టర్లలో చేను పేరు ఒక ఆనవాలు.

రెండో మెట్టు ఇప్పటి రికార్డు. పాస్‌బుక్‌లోనో, 1-బీలోనో ఉన్న సర్వే నంబరు, సబ్ డివిజన్ రాసుకోండి.

మూడోది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి పుస్తకాల్లో ఉంటాయి. మన దగ్గర దస్తావేజుల రిజిస్ట్రేషన్ 1860ల మధ్య నుంచి నడుస్తోంది. ప్రతి ఆఫీసులో పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఉంటాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు అడగవచ్చు. పంపకాల దస్తావేజు దొరికితే వదలకండి. అన్నదమ్ములు, వాళ్ల తండ్రి, ఒక్కోసారి తాత కూడా అందులో ఉంటారు.

నాలుగోది తహసీల్దారు ఆఫీసు, అక్కడ లేకపోతే కలెక్టరేట్ రికార్డు గది. ఆర్ఎస్ఆర్‌లో మీ సర్వే నంబరు ఉన్న పేజీకి ధ్రువీకరించిన నకలు కావాలని రాసి ఇవ్వండి. ‘రికార్డు లేదు’ అని నోటిమాటగా చెబితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రికార్డు వేరే ఆఫీసులో ఉంటే మీ దరఖాస్తును 5 రోజుల్లో అక్కడికి పంపాల్సిన బాధ్యత వాళ్లదే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు.

చివరిది ఆర్కైవ్స్. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు పత్రాలు, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రెవెన్యూ బోర్డు పత్రాలు ఉన్నాయి. ఊరు, పాత తాలూకా, సర్వే నంబరు తెలియకుండా వెళితే అక్కడ రోజులు గడుస్తాయి గానీ కాగితం దొరకదు.

ఎక్కడ తప్పటడుగు పడుతుంది?

జిల్లా పేరు దగ్గర. గుంటూరు జిల్లా 1859 నుంచి 1904 దాకా కృష్ణా జిల్లాలో కలిసి ఉంది. కాబట్టి గుంటూరు దగ్గరి ఊరి 1880 నాటి కాగితాలను కృష్ణా జిల్లా కింద వెతకాలి. అనంతపురం 1882 దాకా బళ్లారిలో భాగం. మండలాలు 1985లో వచ్చాయి, పాత రికార్డులన్నీ తాలూకాల పేర్లతోనే ఉంటాయి.

సంవత్సరం దగ్గర. రెవెన్యూ లెక్కలు ఫసలీలో రాసేవారు. ఫసలీకి 590 కలపండి. ఆంధ్ర జిల్లాల్లో ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి 1891 జూన్ దాకా.

అన్నిటికన్నా ఎక్కువగా పేరు దగ్గర. ఆ రిజిస్టర్లలో చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు. ఒకే ఊళ్లో నలుగురు వెంకయ్యలు, ఆరుగురు సుబ్బయ్యలు కనిపిస్తారు. పేరు కలిసింది కదా అని ఆయనే మన తాత అనుకోకండి. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు మూడూ కలిస్తేనే నమ్మండి. నంబరు కూడా మారి ఉండవచ్చు. రీసెటిల్‌మెంట్ జరిగిన ఊళ్లలో పాత నంబరుకు ఏ కొత్త నంబరు వచ్చిందో రిజిస్టర్‌లోనే ఉంటుంది, అడిగి చూడండి.

భూమి లేని తాతల మాటేమిటి?

ఈ రికార్డులన్నిటిలో ఒక పెద్ద లోటు ఉంది. వాటిలో ఉన్నది శిస్తు కట్టినవాడి పేరు, దున్నినవాడి పేరు కాదు. మీ పూర్వీకులు పాలేర్లో, కౌలుదార్లో, కూలీలో అయితే సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో కనిపించరు. ఆడవాళ్ల పేర్లు చాలా అరుదు. ఊరి సేవకు బదులుగా ఇచ్చిన చాకలి మాన్యం, మంగలి మాన్యం, వెట్టి మాన్యం వంటివి ఉన్న కుటుంబాలు మాత్రం ఇనాం రిజిస్టర్లలో కనిపించవచ్చు.

విచిత్రం ఏమిటంటే, ఊళ్లో ఉండిపోయిన కూలీ కంటే ఊరు వదిలి ఓడ ఎక్కిన కూలీ గురించే ఎక్కువ రాశారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్ వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు కూడా ఉన్నాయి. మారిషస్‌కు వెళ్లినవాళ్ల పత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. భారత మూలాలున్న మారిషస్ వాసులకు ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తామని 2024 మార్చిలో మన రాష్ట్రపతి ప్రకటించాక ఆ పాత కాగితాలకు కొత్త విలువ వచ్చింది.

పేరు దొరికితే భూమి మనదవుతుందా?

కాదు. ఈ విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఆర్ఎస్ఆర్‌లో ముత్తాత పేరు ఉన్నంత మాత్రాన ఆ భూమి మీద ఇవాళ హక్కు రాదు. ఈ నూరేళ్లలో అమ్మకాలు, పంపకాలు, 1970ల భూ సంస్కరణలు అన్నీ జరిగాయి. పాత కాగితం చూపించి ‘ఈ భూమి మీదే, విడిపిస్తాం’ అని అడ్వాన్సు అడిగేవాళ్లను దూరం పెట్టండి.

అలాగని అది ఉత్త జ్ఞాపకం కూడా కాదు. ఆర్ఎస్ఆర్‌లో కొన్ని సర్వే నంబర్ల ఎదుట పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. బ్రిటిష్ కాలంలో గుమాస్తా పెట్టిన ఆ చుక్కల వల్ల, తరతరాలుగా సాగు చేస్తున్న రైతులు సైతం ఈ కాలంలో భూమి అమ్ముకోలేకపోయారు, రిజిస్ట్రేషన్ చేయించుకోలేకపోయారు. దాన్ని సరిదిద్దడానికి ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆ గడిలో పేరు ఉండటానికీ, చుక్కలు ఉండటానికీ తేడా ఎంతో ఆ రైతులను అడిగితే చెబుతారు.

ఇప్పుడే ఎందుకు?

పాత నంబర్లు వాడుకలోంచి పోతున్నాయి కాబట్టి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతిలో ప్రతి కమతానికి భూధార్ నంబరు ఇచ్చే ఏర్పాటు ఉంది. హద్దులు తేలడానికి ఇవి పనికొస్తాయి. కానీ 1890లలో రాసిన రిజిస్టర్‌కు ల్యాండ్ పార్సిల్ నంబరు తెలియదు. పాత నంబరు ఏ కొత్త నంబరు అయిందో చెప్పే పట్టిక ఒక్కటే ఆ రెండిటినీ కలుపుతుంది. అది మీ చేతిలో లేకపోతే రేపు మీ పిల్లలు ముత్తాతను వెతికే దారి ఇక్కడే తెగిపోతుంది.

కాగితం కూడా ఎల్లకాలం ఉండదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఊరి లెక్కలు చేతులు మారాయి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. ఎక్కడో ఒకచోట చెదలు, వాన నీళ్లు రోజూ చేస్తున్న పని కూడా అదే.

ఈసారి సంక్రాంతికో, దసరాకో ఊరు వెళ్లినప్పుడు పని దినాల్లో ఒక రోజు దీనికి కేటాయించండి. కొత్త, పాత నంబర్ల పట్టిక, ఆర్ఎస్ఆర్ లేదా ఖాస్రా పహాణీ నకలు, ఫీల్డ్ మ్యాప్ నకలు అడిగి తీసుకోండి. వాటి వెనకాల పెన్సిల్‌తో తాతల పేర్లు, చేల పేర్లు రాసి పెట్టండి. ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఇంకా ఉంటే ఆ రోజు వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. రిజిస్టర్‌లో ఏ వెంకయ్య మీ వెంకయ్యో గుర్తుపట్టగలిగేది వాళ్లే.