పసివాడు, నీళ్ళ పళ్ళెం



గాజువాకలో ఒక విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. పెరట్లో రెండేళ్ళ బాబు నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టి ఆడుతున్నాడు. "జలుబు చేస్తుందిరా, బూచాడొస్తాడు!" అంటూ వాళ్ళ నాయనమ్మ వీపు మీద ఒక్కటి వేసింది. నేనేమీ అనలేకపోయాను. ఆ తప్పు నేనూ చేసినవాడినే. మా పెద్దమ్మాయిని చిన్నప్పుడు "నీళ్ళలో మొసలి ఉంది" అని భయపెట్టాను. ఆ తరువాత స్నానమంటేనే ఏడ్చి గోల చేసేది.

ఆ భయం పోగొట్టడానికి నా భార్యకు ఒక వేసవి అంతా పట్టింది. వెడల్పాటి పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, రెండు స్టీలు గ్లాసులు, టీ వడగట్టే జల్లెడ, అడుగున చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా, ఒక కొబ్బరి చిప్ప పెట్టేది. రమ్మని పిలవలేదు, బలవంతం చేయలేదు. తానే కూర్చుని పోసుకుంటూ ఉండేది. పాప మొదట గుమ్మం దగ్గరే నిలబడింది. కొన్నాళ్ళకు ఒక వేలు ముంచింది. ఒకరోజు గ్లాసులోంచి గ్లాసులోకి ఒలకకుండా పోసి, "నేనే పోశాను!" అని మా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

ఒలకకుండా పోయాలంటే కన్ను, మణికట్టు ఒక్కటై పనిచేయాలి. నిండింది, ఖాళీ అయింది, కారుతోంది అనే మాటలు అక్కడే నోటికొస్తాయి. అయితే సన్నని పొడుగు గ్లాసులో పోస్తే "ఎక్కువయ్యాయి" అంటారు. తిట్టకండి. సుమారు ఏడేళ్ళ వరకు పిల్లలు అలాగే అనుకుంటారని స్విట్జర్లాండు శాస్త్రవేత్త పియాజే పరీక్షించి చూపాడు.

స్టీలు చెంచా వేస్తే మునుగుతుంది, స్టీలు గిన్నె పెడితే తేలుతుంది. గిన్నె తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది గనుక. ఉక్కు నగరంలో ఉన్న మనకు ఇది కొత్త కాదు. 1948 మార్చి 14న నెహ్రూగారు మన విశాఖ సింధియా యార్డులో నీటిలోకి దింపిన 'జల ఉష' తేలినదీ ఈ లెక్క ప్రకారమే. ఎలీషా దినములలో గొడ్డలి తేలడం మాత్రం వేరే సంగతి!

కొన్న బొమ్మలే కావాలని లేదు. మన ఏటికొప్పాక లక్క బొమ్మలు చక్కనివే గాని, అవి కొయ్యవి, నీళ్ళలో నానబెట్టకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్టులోకి తలకిందులుగా పడితే లేవలేరు, కేక కూడా వినబడదు. జానెడు నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి. కనుక పొయ్యి మీద కూర మాడినా సరే, పిల్లవాణ్ణి చంకనెత్తుకుని వెళ్ళండి గాని నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలకండి. "అక్క చూస్తుందిలే" అని ఆరేళ్ళ పిల్లకు అప్పగించకండి. బావికి, తొట్టికి మూత ఉండాలి. బకెట్టు వాడగానే బోర్లించండి. ఎలాగూ నోట్లో పోసుకుంటారు, కనుక ఆటకు తాగే నీళ్ళే వాడండి.

నీళ్ళు వృథా అని పెద్దవాళ్ళు సణిగితే ఆ మాటా న్యాయమే. ఆట అయ్యాక పళ్ళెంలో మిగిలిన నీళ్ళు కరివేపాకు మొక్కకు పోయండి. ఆ గ్లాసు పిల్లవాడి చేతికే ఇవ్వండి.