కీమో రోగి జ్వరాన్ని పడిశమని వదలరాదు

కరోనా పీడ విరగడయిందని ఊళ్లలో అనుకుంటున్నారు. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తివేసిన మాట నిజమే. వైరస్ మాత్రం పోలేదు. ఆరోగ్యవంతులలో చాలామందికి ఇప్పుడది నాలుగు రోజుల పడిశంతో సరిపోతున్నది. కాన్సరుకు మందు ఎక్కించుకుంటున్న మనిషి సంగతి వేరు.

కీమోథెరపీ మందు కాన్సర్ కణాలతోపాటు రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలను కూడా దెబ్బతీస్తుంది. మందు ఎక్కించిన వారం, రెండు వారాల మధ్య అవి బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో కరోనా సోకితే అది గొంతులో ఆగక ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేసే ప్రమాదం ఉంది. పైగా కాన్సర్ రోగులకు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. కరోనా దాన్ని మరింత పెంచుతుంది. కాలి నరంలోని గడ్డ ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడితే గంటల్లో ప్రాణం పోవచ్చు.

మోసమేమిటంటే, ఆయాసం కనిపించకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. 2021లో ఎన్నో ఇళ్లవారు వేలికి తగిలించే ఆక్సీమీటరు కొన్నారు. ఇప్పుడవి అటకెక్కాయి. దింపి కొత్త బ్యాటరీలు వేస్తే పనికొస్తాయి. గోళ్లకు రంగు ఉండరాదు, వేలు చల్లబడి ఉండరాదు. అంకె 94 కంటే తగ్గినా, జ్వరం 100.4 డిగ్రీలు చేరినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

కాని పల్లెల్లో జరుగుతున్నదేమిటి? ఆర్.ఎం.పి. వచ్చి ఒక సూది, ఒక సెలైన్ సీసా పెడతారు. వారిని నిందించి లాభం లేదు, రాత్రి పదింటికి పిలిస్తే వచ్చేది వారే. అయితే కొన్నిచోట్ల ఇచ్చే స్టెరాయిడ్ సూదితో జ్వరం దిగుతుంది, లోపల నిమ్ము ముదురుతుంది. రెండు రోజులు అలా గడచిపోతాయి.

ఇక పరామర్శలు. చూసి రాకపోతే మాట పడాలని, దగ్గుతూనే వెళ్లి రోగి మంచం పట్టె మీద కూర్చునేవారున్నారు. దగ్గు తగ్గాక వెళితే పోయిన మర్యాద ఏమీ లేదు.

గర్భిణుల పేర్లు, పసిపిల్లల టీకా తేదీలు రాసుకునే ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు కీమో రోగుల పేర్లు కూడా రాసుకునేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలి. అంతవరకు ఇంటివారే కాన్సర్ ఆసుపత్రి కాగితాలన్నీ ఒక సంచిలో గుమ్మం దగ్గర ఉంచుకోవడం మంచిది. అంబులెన్సు రాగానే మొదట చెప్పవలసింది చివరి కీమో తేదీ.