పొరుగు జట్టుతో ఆట పోగొట్టుకోకూడదు

1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. సరిహద్దు మారింది గానీ, అభిమానం ఒక్క రోజులో మారుతుందా? క్రికెట్ మాటొస్తే మన ఇంట్లో ఇప్పటికీ రెండు పక్షాలే: సగంమంది ఆంధ్ర, సగంమంది తమిళనాడు.

ఆ రోజుల్లో రంజీ ట్రోఫీలో సౌత్ జోన్ ఉండేది. ఆంధ్ర, మద్రాసు, మైసూరు, హైదరాబాదు, కేరళ ఏటా ఒకరితో ఒకరు ఆడి తీరాల్సిందే. 2002-03లో జోన్లు ఎత్తేసి ఎలైట్, ప్లేట్ అన్నారు. ఇప్పుడు ఎలైట్‌లో ఎనిమిదేసి జట్లతో నాలుగు గ్రూపులు. మన రెండు జట్లూ ఒకే గ్రూపులో పడితే సరి, లేకుంటే నాకౌట్ దాకా చూస్తూ కూర్చోవాలి.

దేశంలోని గట్టి జట్లన్నిటితో ఆడితేనే ఆట మెరుగవుతుందని మన కుర్రాళ్ల వాదన. అది నిజమే, కాదనను. కానీ ఎక్కడో దూరాన ఉన్న జట్టు మీద గెలిస్తే ఎవరిని ఉడికిస్తాం? పక్కన కూర్చుని భోంచేసే బావమరిదిని ఉడికించడంలోనే ఉంది మజా.

అందుకే నా మాట ఇది: గ్రూపులు ఎలాగైనా వేసుకోండి, పొరుగు జట్టుతో ఏటా ఒక్క మ్యాచ్ మాత్రం ఖాయం చెయ్యండి. ఒక ఏడు విశాఖలో, మరో ఏడు చెపాక్‌లో. చెపాక్‌లో అయితే తిరుత్తణి, తిరువళ్ళూరు మనవాళ్లందరం లోకల్ రైలెక్కి వెళ్లొచ్చు. ఎవరు ఏ పక్షమో దారిలోనే తేలిపోతుంది.