పెరటి పొయ్యి దగ్గర కూర్చుంటున్నది ఎవరు?



ఆదివారం ఆరాధన ముగిసి ఇళ్ళకు చేరిన తరువాత గోపాలపట్నం వీధుల్లో నడిస్తే, ఏ ఇంట్లో ఏం వండుతున్నారో అడగనక్కర లేదు. ముక్కే చెబుతుంది. నాయుడుతోట, వేపగుంట వైపు ఇంకా పెరడు మిగిలిన ఇళ్ళలో మూడు ఇటుకలు పేర్చి సరుగుడు కర్రలు రాజేస్తారు. మేడ ఇళ్ళవాళ్ళు ఇనుప డ్రమ్మును సగానికి కోయించి, పైన జాలీ వేసి, డాబా మీద నిప్పుల్లో కోడిముక్కలు, చేపలు కాలుస్తారు. క్రిస్మస్ నెల వచ్చిందంటే ఈ సందడి ఇంకా ఎక్కువ. అరకు, మారేడుమిల్లి వెళ్ళినవాళ్ళు బొంగులో చికెన్ తినకుండా తిరిగిరారు. హోటళ్ళు కూడా 'కట్టెల పొయ్యి మీద వండినది' అని గొప్పగా బోర్డు పెట్టుకొంటున్నాయి.

ఆ రుచి మాకూ తెలుసు. సంఘపు ప్రేమవిందుకు పెద్ద గుండిగలో కట్టెల మీద ఉడికిన అన్నం, మాంసం కూర మేమూ వరుసలో కూర్చుని తిన్నవాళ్ళమే. కాబట్టి కట్టెల పొయ్యి వద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మేము అడుగుతున్నది ఒక్కటే. ఆ పొయ్యి దగ్గర కూర్చుంటున్నది ఎవరు? ఏడాదిలో ఎన్ని రోజులు కూర్చుంటున్నారు?

ఆయాసంతో వచ్చే పెద్దవయసు ఆడవాళ్ళను డాక్టర్లు మొదట చుట్ట గురించి అడుగుతారు. మన ఉత్తరాంధ్రలో ఆ ప్రశ్నకు కారణముంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డచుట్ట అలవాటు ఇక్కడి ఆడవాళ్ళలో ఉండేది. దానివల్ల అంగిట్లో క్యాన్సరు వస్తుందని డాక్టర్లకు ఎంతోకాలంగా తెలుసు. "సుట్ట నాకలవాటు నేదు బాబూ" అని పెద్దమ్మ అంటే ప్రశ్న అక్కడితో ఆగిపోకూడదు. "మరి నీళ్ళు దేనిమీద కాస్తారమ్మా?" అని కూడా అడగాలి. పక్కనున్న కొడుకు వెంటనే "మాకు గ్యాసుందండీ" అంటాడు. అమ్మ మెల్లిగా "గేసుంది గానీ, నీల్లకి కర్రలే" అంటుంది. కొడుకు అబద్ధం చెప్పలేదు. ఇంట్లో గ్యాసు ఉన్న మాట నిజమే. పెరట్లో రెండో పొయ్యి ఉన్న మాట కూడా నిజమే. ఆ రెండో పొయ్యి అతని లెక్కలో లేదు, అంతే.

కొంచెం లెక్క వేద్దాం. డాబా మీద గ్రిల్లు వెలిగించే తమ్ముడు ఏడాదికి పదిసార్లు, వెలిగించినప్పుడల్లా రెండు గంటలు పొగలో నిలబడ్డాడనుకోండి. ఏడాదికి 20 గంటలు. నలభై ఏళ్ళకు 800 గంటలు. అమ్మ మాత్రం స్నానాల నీళ్ళకు, పెద్ద గిన్నె అన్నానికి రోజూ ఒక్క గంట పొయ్యి ఊదిందనుకోండి. నలభై ఏళ్ళకు 14,600 గంటలు. తమ్ముడికి ఆ సాయంత్రం చప్పట్లు, ఫోటోలు. అమ్మకు దగ్గు.

కట్టె పూర్తిగా మండితే పొగ తక్కువ. పచ్చిగా ఉన్నా, లావుగా ఉన్నా, పొయ్యిలోకి గాలి ఆడకపోయినా అది సగమే మండి పొగ చిమ్ముతుంది. ఆ పొగలో మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని రేణువులుంటాయి. ముక్కులో ఆగవు, దగ్గితే బయటికి రావు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్ళి అక్కడే కూర్చుంటాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే గాలి గొట్టాలు వాచి ఇరుకైపోతాయి. దీన్నే సీఓపీడీ అంటారు. బీడీ, సిగరెట్టు ముట్టని ఆడవాళ్ళకు ఈ జబ్బు రావడానికి వంటపొగ ముఖ్యమైన కారణం. కళ్ళలో శుక్లాలకు, గుండెజబ్బుకు, పక్షవాతానికి కూడా ఈ పొగ తోడవుతుంది. గర్భిణి పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. అమ్మ చంకలో ఉన్న పసిబిడ్డకు న్యుమోనియా ముప్పు పెరుగుతుంది.

2020 సంవత్సరంలో ఇళ్ళలోని వంటపొగ వల్ల ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో 2,37,000 మందికి పైగా అయిదేళ్ళలోపు పిల్లలు. ఇది ఎక్కడో అడవుల్లో ఉండేవారి కష్టమని అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల నాటికి మన దేశంలో దాదాపు సగం ఇళ్ళకు వంటచెరకు కట్టెలే.

మన ప్రాంతపు గాలి సంగతి మీకు కొత్తగా చెప్పాలా? ఒకవైపు సింహాచలం కొండలు, మరోవైపు యారాడ కొండ. మధ్యలో గిన్నెలాంటి పల్లంలో ఓడరేవు, ఫ్యాక్టరీలు, లక్షల ఇళ్ళు. చలికాలంలో పొగ పైకి లేవక ఆ గిన్నెలోనే తిరుగుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున పక్కనే ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వీధుల్లోకి వచ్చినపుడు ఎవరు ఎటు పరుగెత్తారో, ఎవరు పడిపోయారో మనకు గుర్తుంది. ఆ ఆవిరి ఒక్క పూటలోనే ప్రాణాలు తీసింది, అందరూ చూశారు. పెరటి పొగ ఒక్క పూటలో ఎవరినీ పడగొట్టదు. దానికి సైరన్ మోగదు, పేపర్లో వార్త రాదు. ముప్పై ఏళ్ళు ఆగి మెట్లెక్కనివ్వదు, మంచం దిగనివ్వదు. బయటి గాలిని బాగుచేయమని అధికారులను అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. పెరటి గాలి విషయంలో మాత్రం ఎవరికీ అర్జీ పెట్టనక్కర లేదు. ఈ రోజే మన చేతనవుతుంది.

మరి గ్యాసు వచ్చినా ఆ రెండో పొయ్యి ఎందుకు పోలేదు? ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల మహిళలకు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం మొదలుపెట్టింది. 2024 నవంబరు నుండి మన రాష్ట్రంలో అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. పొయ్యి ఇంటికి వచ్చింది. కానీ సిలిండరులో ఉండేది 14.2 కిలోల గ్యాసు. నలుగురైదుగురికి స్నానాల నీళ్ళు కూడా దానిమీదే కాస్తే నెల తిరక్కుండా అయిపోతుంది. చేతిలో డబ్బు ఆడని ఇంట్లో అది చిన్న విషయం కాదు. కొందరికి గ్యాసంటే భయం. 1997 సెప్టెంబరు 14న మన నగరంలోని రిఫైనరీలో వంటగ్యాసు అంటుకొని ఎందరో చనిపోయిన ఉదయాన్ని చూసినవారి భయాన్ని మేము తేలిక చేయము. మరికొందరు పెద్దవాళ్ళకు కర్రల మీద కాగిన నీళ్ళు పోసుకొంటేనే ఒళ్ళు తేలికపడుతుంది.

ఈ కారణాలన్నీ ఒప్పుకొంటాము. ఒప్పుకోలేనిది ఒకటుంది. ఇల్లంతా కలిసి చేసే పొదుపుకు ఖరీదు ఒక్క మనిషి ఊపిరితో చెల్లించడం. ఆ ఒక్క మనిషి దాదాపు ప్రతి ఇంట్లోనూ అమ్మే, లేదా అత్తగారే, లేదా కొత్తగా వచ్చిన కోడలే. పొగ తన వంతు అని ఆమె అనుకొంటుంది. ఇంట్లోవాళ్ళూ అలాగే అనుకొంటారు. ఒక సిలిండరు మిగిల్చామని సంతోషించే ఇల్లు, ఆ తరువాత ఇన్‌హేలర్లకు, ఆక్సిజనుకు, ఆసుపత్రి మంచానికి ఎంత ఖర్చు పెడుతుందో మేము బిల్లులు రాసే చోట ఉండి చూస్తున్నాము.

లేఖనములు ఎరిగిన మీకు తిబెరియ సముద్రతీరము గుర్తుండే ఉంటుంది. రాత్రంతా వలలు వేసి అలసిపోయిన శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికి నిప్పులు సిద్ధంగా ఉన్నాయి, వాటిమీద చేప ఉంది, రొట్టె ఉంది. ఆ నిప్పు రాజేసినది ఎవరు? పునరుత్థానుడైన ప్రభువే. శిష్యులలో ఎవరినీ ఆయన పొయ్యి దగ్గర కూర్చోబెట్టలేదు. అలసినవారిని పిలిచి, తానే వడ్డించి తినమన్నాడు. మన సంఘములో పురుషులు ఈ మాట ఒక్కసారి ఆలోచించాలని మా కోరిక. డాబా మీద గ్రిల్లు దగ్గర నిలబడడానికి చొరవ చూపించే చేతులు, పెరట్లో కర్రలు చీల్చడానికి, నీళ్ళు కాయడానికి కూడా ముందుకు రావాలి. ఒక్క వారం ఆ పొగలో కూర్చున్న మగవాడు రెండో వారం ఏదో ఒక దారి తప్పక వెతుకుతాడు. ఆ నమ్మకం మాకుంది.

దారులు లేకపోలేదు. నీళ్ళ పొయ్యే ఎక్కువ కర్రలు తింటుంది కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. నల్లరంగు వేసిన డ్రమ్ములో నీళ్ళు నింపి మూతవేసి డాబా మీద ఎండలో ఉంచితే, మన విశాఖ ఎండకు సాయంత్రం స్నానానికి సరిపోయే వెచ్చదనం వస్తుంది. పసిపిల్లలకు, జబ్బుమనుషులకు మాత్రమే విడిగా గ్యాసు మీద కాయండి. రోజువారీ అన్నం, కూర గ్యాసు మీదనే వండాలి. కుక్కరు వాడితే సిలిండరు ఎక్కువ రోజులు వస్తుంది. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయండి. జాగ్రత్త తెలిస్తే భయం తగ్గుతుంది.

పండగకు కట్టెలు వెలిగించాలనుకొంటే ఆరుబయటే వెలిగించండి. బాగా ఎండిన, సన్నగా చీల్చిన కర్రలు వాడండి. సరుగుడు, చింత మంచివి. పోర్టు నుండి వచ్చే ప్యాకింగు చెక్కలు చౌకగా దొరుకుతాయని వంటకు వాడవద్దు. వాటిపై ముద్రలో ఇంగ్లీషు అక్షరాల్లో 'ఎం.బి.' అని ఉంటే పురుగు చావడానికి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ కవర్లు పొయ్యిలో పెట్టరాదు. ముక్కలు గుచ్చడానికి గన్నేరు పుల్లలు అసలే వద్దు, ఆ చెట్టంతా విషమే. రాజుకోవడం లేదని కిరసనాయిలు, పెట్రోలు పోయవద్దు. నైలాన్ చీర, జారే పైట పొయ్యి దగ్గర ప్రమాదం. మంట తగ్గి నిప్పులు ఎర్రగా అయిన తరువాతే ముక్కలు కాల్చండి. మాడి నల్లబడిన భాగం తీసి పారేయండి, క్యాన్సరుకు దారితీసే పదార్థాలు అందులోనే ఎక్కువ. పిల్లలను, గర్భిణులను, ఆయాసం ఉన్నవారిని గాలి వచ్చే వైపు, పొగకు దూరంగా కూర్చోబెట్టండి. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లని నీళ్ళు పోయండి. ఇంకు, పేస్టు, పసుపు పూయవద్దు. పెద్ద గాయమైతే 108కి ఫోన్ చేయండి.

మరొక్క మాట ముఖ్యంగా అమ్మమ్మలకు, నాయనమ్మలకు. వంట అయ్యాక మిగిలిన నిప్పులను కుంపట్లో వేసి బాలింత మంచం కింద పెట్టి, తలుపులు మూయడం మన ఇళ్ళలో ప్రేమతో చేసే పని. కానీ మూసిన గదిలో ఆ నిప్పుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగత వచ్చి తల్లీబిడ్డా నిద్రలోనే చనిపోవచ్చు. బాలింతకు వెచ్చదనం కావాలంటే దుప్పటి, మేజోళ్ళు, వేడి ఆహారం చాలు. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టండి. సాంబ్రాణి పొగ కూడా బిడ్డ ముక్కుకు మంచిది కాదు.

ఇప్పటికే దగ్గు, ఆయాసం ఉన్న అమ్మలు 'వయసు మీద పడింది' అని ఊరుకోవద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి, క్షయ కావచ్చు. గొట్టంలోకి గట్టిగా ఊదే స్పైరోమెట్రీ పరీక్షతో సీఓపీడీ తెలుస్తుంది. పాడైన ఊపిరితిత్తిని మళ్ళీ కొత్తది చేయలేము. కానీ పొగ మానేసి, ఇన్‌హేలరు సరిగా వాడితే జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది, అమ్మ మళ్ళీ మెట్లెక్కి గుడికి రాగలుగుతుంది. పరీక్షకు వచ్చినపుడు పెరటి పొయ్యి సంగతి దాచకుండా చెప్పండి. మేము అడగడం మరచిపోతే మీరే గుర్తుచేయండి.

ఈ క్రిస్మస్‌కు నిప్పు రాజేయండి, చేప కాల్చండి, పొరుగువారిని పిలవండి. ఆ సాయంత్రమైనా అమ్మను పొయ్యికి దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, మొదటి ముక్క ఆమెకే పెట్టండి. మరునాడు తెల్లవారి నీళ్ళ పొయ్యి దగ్గరికి ఆమె ఒక్కర్తే వెళ్ళకుండా చూడండి.

ప్రభువు మీ గృహములను, మీ ఊపిరిని కాపాడును గాక.