స్క్రీన్ కింద వెలుగు మచ్చలా? ‘ఎల్‌సీడీ అంటే అంతే’ అంటే ఒప్పుకోకండి

“అన్నా, నువ్వు మంచిదని రాశావనే కొన్నా.” మా బాబాయి కొడుకు వాట్సాప్ మెసేజ్ ఇది. కింద ఒక ఫొటో. గదిలో లైట్లు ఆర్పేసి, ఫోన్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి తీశాడు. కింది అంచు పొడవునా వరుసగా వెలుగు మచ్చలు, ఎవరో చిన్న టార్చిలైట్లు పేర్చినట్టు. 11 వేల ఫోన్, బ్రాండ్ పేరు వద్దులెండి. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే “ఎల్‌సీడీ అంటే అంతే బ్రదర్” అని పంపించేశారట. మరి నా రివ్యూలో నేనేం రాశాను? స్క్రీన్ మధ్యలో మీటర్ పెట్టి, “బ్రైట్‌నెస్ సూపర్” అని ఒక్క లైను.

ఆ ‘అంతే’ నాకు మింగుడు పడలేదు. ఆప్టికల్ డిజైన్ పని చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు. వాడి సిస్టమ్ దగ్గర రెండు ఆదివారాలు కూర్చుని ఒక ఫోన్ బ్యాక్‌లైట్‌ని మోడల్ చేశాం. ఈ పనికి లైట్‌టూల్స్, ఆప్టిక్‌స్టూడియో, ట్రేస్‌ప్రో లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి.

ముందు సంగతి ఏంటో చూద్దాం. ఎల్‌సీడీ పిక్సెల్స్ సొంతంగా వెలగవు. వాటి వెనకాల పల్చటి ప్లాస్టిక్ పలక ఉంటుంది, అదే లైట్ గైడ్. ఫోన్లలో మామూలుగా కింది అంచు నుంచి ఎల్‌ఈడీలు అందులోకి వెలుగు పంపిస్తాయి. మేం తీసుకున్నది అక్రిలిక్, వక్రీభవన గుణకం 1.49. అంటే అంచు నుంచి లోపలికెళ్లిన కిరణం 42 డిగ్రీలకి మించి వాలదు. ఆ లెక్కన పై ముఖానికి తగిలిన ప్రతిసారీ లోపలికే తిరిగొస్తుంది. నున్నటి పలకైతే వెలుగు అటు చివరిదాకా వెళ్తుందే తప్ప పైకి రాదు! దాన్ని బయటికి తేవడానికే పలక అడుగున సన్నటి చుక్కలు వేస్తారు. ఆ చుక్కల టెక్స్‌చర్‌లోనే ఉంది అసలు డిజైనంతా.

68 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు పలక మీద 100 మైక్రాన్లకి ఒక చుక్క పెట్టినా 10 లక్షలు దాటుతాయి. ఒక్కొక్కటీ గీస్తే కంప్యూటర్ మొరాయిస్తుంది. అందుకే ఒక చుక్క ఆకారం, ఎక్కడెంత దగ్గరగా ఉండాలన్న రూలు ఇస్తాం. కిరణం తగిలినప్పుడు మిగతా లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

మొదట అన్నిచోట్లా ఒకే దూరంలో చుక్కలు పెట్టాం. కింద జిగేల్, పైన చీకటి. కాలువ మొదట్లో తూములు బార్లా తీస్తే చివరి ఆయకట్టుకి నీళ్లందుతాయా? ఇదీ అంతే. ఎల్‌ఈడీల దగ్గర చుక్కలు పలచగా, దూరం పోయేకొద్దీ ఒత్తుగా పెట్టాక పైనా కిందా సర్దుకుంది.

కానీ తమ్ముడి ఫోన్‌లో ఉన్న మచ్చలు మాత్రం పోలేదు. ఎందుకంటే ఎల్‌ఈడీల వెలుగులు ఒకదాన్నొకటి కలవడానికి కొంత దూరం కావాలి. రెండింటి మధ్య ఖాళీ 4 మి.మీ. అయితే సుమారు 2.2 మి.మీ. లోపలికెళ్లాకే కలుస్తాయి, 6 అయితే 3.3. సమంగా పరుచుకోవడానికి ఇంకా ఎక్కువ కావాలి. ఎల్‌సీడీ ఫోన్ల గడ్డం లావుగా ఉండటానికి ఇదొక కారణం. ఎల్‌ఈడీలు తగ్గించి, గడ్డం కూడా తగ్గిస్తే ఆ మచ్చలు వచ్చి స్క్రీన్‌లోనే కూర్చుంటాయి. వెలుగు లోపలికొచ్చే అంచున సన్నటి గాడులు పెడితే కొంత సర్దుకుంటుంది, మేం చూశాం కూడా. అంటే ఇది ఖర్చు దగ్గర తీసుకున్న నిర్ణయం. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్ ఎల్‌సీడీయే, నాలుగు వైపులా అంచు ఒకేలా ఉంటుంది. ఖరీదైన ఫోన్ కదా అంటారా, నిజమే. కానీ అప్పుడు ‘ఈ ధరకి ఇంతే’ అని చెప్పాలి, నెపం ఎల్‌సీడీ మీదకి తోయకూడదు.

ఇంకో విషయం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. స్క్రీన్‌ని 20 వేల గళ్లుగా విడగొట్టి 20 లక్షల కిరణాలు పట్టుకుంటే, గడికి సగటున 100. అప్పుడు తప్పు 10 శాతం దాకా ఉంటుంది. 1 శాతానికి దించాలంటే 20 కోట్ల కిరణాలు కావాలి. ఓపిక లేక నేను స్మూతింగ్ పెంచేశా. చిత్రం నున్నగా వచ్చింది, మచ్చలు మాయం! ఫ్రెండ్ నవ్వి, “మచ్చ పోలేదురా, నువ్వు చూడటం మానేశావ్” అన్నాడు. మధ్యలో ఒక్కచోట మీటర్ పెట్టి నిట్స్ రాసే నా రివ్యూ గుర్తొచ్చి సిగ్గేసింది.

కంపెనీలు స్పెక్ షీట్‌లో పీక్ నిట్స్ పక్కనే స్క్రీన్ మొత్తం మీద అతి తక్కువ, అతి ఎక్కువ బ్రైట్‌నెస్ ఎంతో కూడా వేయాలన్నది నా డిమాండ్. వాళ్లు వేసేదాకా నేనే 9 చోట్ల కొలిచి, చీకట్లో తీసిన తెల్ల స్క్రీన్ ఫొటోతో పాటు పెడతా. పాత రివ్యూలో డిస్‌ప్లే మార్కులు 8 నుంచి 6కి తగ్గించా. మీరూ కొత్త ఫోన్ కొంటే రిటర్న్ గడువు ఉండగానే ఈ ఫొటో టెస్ట్ చేసుకోండి. మా తమ్ముడికి ఆ గడువు అయిపోయింది. ప్రస్తుతానికి డార్క్ మోడ్‌లో వాడుకుంటున్నాడు.